బియ్యపు మిల్లులలో వృథా – నివారణ



ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా తణుకు దాకా వెళ్ళేవారికి దారి పొడుగునా కనిపించేవి రెండు. ఒకటి వరిచేలు, రెండవది బియ్యపు మిల్లుల పొగగొట్టాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి నీరు కాలువల కెక్కిన తరువాత యీ డెల్టాలో వరే ప్రధానమైన పంట అయింది. పండించిన ధాన్యం మన కంచంలోకి రావాలంటే మిల్లు గడప తొక్కక తప్పదు. అందుచేత మిల్లులో జరిగే నష్టం ఒక్క మిల్లుదారుది మాత్రమే కాదు. అది ధరలో రైతుకు తగులుతుంది, నాణ్యతలో తినేవారికి తగులుతుంది. ఆ నష్టం ఎక్కడెక్కడ జరుగుతున్నది, దానిని ఎట్లా తగ్గించుకోవచ్చును అనే సంగతి యివాళ ముచ్చటించుకుందాం.

మిల్లులో వృథా అనగానే చాలామందికి దొడ్లో గుట్టగా పడివున్న ఊక జ్ఞాపకం వస్తుంది. అది పొరపాటు. ఊక గింజతో పుట్టినది, దాన్ని తప్పించలేము. 100 కిలోల శుభ్రమైన ధాన్యంలో 20 నుంచి 22 కిలోలు ఊక, 6 నుంచి 8 కిలోలు తవుడు పోగా, నూకతో కలిపి 70 కిలోల దరిదాపు బియ్యం వుంటుంది. నిజమైన వృథా ఏమిటంటే – నిండుగింజగా దిగవలసింది నూకగా దిగటం, నూక ఊకలోకి ఎగిరిపోవటం, అవసరానికి మించి పాలిషుపట్టి బియ్యాన్ని తవుడు చేయటం, గింజ లేకుండానే మోటారు తిరగటం. ఇవి కంటికి కనిపించవు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా! కాని యీ దొంగను కాటా పట్టగలదు. యివాళ నేను చెప్పబోయేదంతా యీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. రోజుకు 40 టన్నుల ధాన్యం ఆడించే మిల్లు ఒకటి వున్నదనుకోండి. లెక్క కోసం కిలో బియ్యం 40 రూపాయలు, కిలో నూక 25 రూపాయలు అనుకుందాం. 100 కిలోల ధాన్యానికి ఒక్క కిలో నిండుబియ్యం నూకగా మారితే రోజుకు 400 కిలోలకు కిలో ఒక్కింటికి 15 రూపాయల చొప్పున 6,000 రూపాయలు పోయినట్లు. అదే ఒక్క కిలో ఊకలో కలిసిపోతే రోజుకు 16,000 రూపాయలు పోయినట్లు. ఏడాదికి 200 రోజులు మిల్లు ఆడితే మొదటిది 12 లక్షలు, రెండవది 32 లక్షలు. నూటికి ఒక్క కిలో!  ప్రభుత్వం తరఫున ధాన్యం ఆడించి యిచ్చే మిల్లులు క్వింటాలుకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించవలసి వుంటుంది. ధాన్యం బాగుండి, యంత్రం బాగుంటే యీ లెక్క సరిపోతుంది. ఏ ఒక్కటి చెడినా మిల్లుదారు చేతినుంచి వేసుకోవాలి. అప్పుడాయన ఏం చేస్తాడు? తేమ పేరిట, నూక పేరిట రైతు దగ్గర తరుగు అడుగుతాడు. కాటా దగ్గర తగవులు మొదలయ్యేది యిక్కడే.

కాబట్టి వృథా మొదట పుట్టే చోటు మిల్లు కాదు, కళ్ళం. రైతు సోదరులు యీ మాట వినగానే నొచ్చుకోవద్దు. కారణం చెబుతాను.

వడ్లగింజ లోపల బియ్యం గాజుముక్క వంటిది. ఎండలో త్వరత్వరగా ఆరితే పైభాగం ముడుచుకుంటుంది, లోపలిభాగం తేమగానే వుంటుంది. ఎండిన గింజ మళ్ళీ రాత్రి మంచుకు తడిస్తే పైభాగం ఉబ్బుతుంది. రెండు విధాలా గింజ మధ్య సన్నని చీలిక పడుతుంది. పైన ఊక వుండబట్టి ఆ చీలిక మనకు కనపడదు. మిల్లులో కొద్దిపాటి ఒత్తిడి తగలగానే గింజ రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కను చూసి యంత్రం మంచిది కాదనుకుంటాము. యంత్రం బయటపెట్టింది గాని, పగలగొట్టింది ఎండా మంచూ. అనుమానం వుంటే ఒక గాజుపలకమీద చేత్తో ఒలిచిన గింజలు పది, ఇరవై పరచి, కింద దీపం పెట్టి చూడండి. అడ్డగీతలు స్పష్టంగా కనిపిస్తాయి. నూటికి ఎన్నిటికి గీత వున్నదో లెక్కపెడితే, ఆ ధాన్యంలో ఎంత నూక దిగబోతుందో ముందుగానే ఒక అంచనా దొరుకుతుంది. విస్తరణ కార్యకర్తలు యీ పరీక్షను ప్రతి వూరిలోనూ రైతుల కళ్ళెదుట చేసి చూపవచ్చును. పైసా ఖర్చు లేదు.

దాళ్వా పంటలో నూక ఎక్కువని అందరూ అనుభవంమీద చెప్పే మాటే. ఏప్రిల్ ఎండల్లో కోత పడటమే దీనికి ముఖ్యకారణం. అందుకే దాళ్వా ధాన్యాన్ని చాలావరకు ఉప్పుడు బియ్యానికి పోనిస్తారు. నానబెట్టి, ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి పదార్థం జిగురుగా మారి చీలికలను అతికిస్తుంది. అయితే పచ్చిబియ్యానికి వెళ్ళే ధాన్యం విషయంలో మన జాగ్రత్తే మందు.

ఆ జాగ్రత్తలేమిటి? వెన్నులో నూటికి 80 వంతులకు పైగా గింజలు పసుపురంగు తిరగగానే కోత పెట్టుకోండి. ఆ సమయంలో తేమ 20 నుంచి 24 శాతం వుంటుంది. పూర్తిగా ఎండి రాలే దాకా చేనిమీద వుంచితే అక్కడే చీలికలు పడతాయి. వరికోత యంత్రంతో కోయిస్తే డ్రమ్ము వేగం ఎక్కువ పెట్టనివ్వకండి. తడిధాన్యాన్ని రాశిగా ఒక రాత్రి వుంచినా లోపల వేడిపుట్టి గింజ పచ్చబడుతుంది. కళ్ళంలో అంగుళం, అంగుళంన్నర మందాన పలచగా పరచి, అరగంట కొకసారి తిరగేయండి. నడిఎండ మరీ తీవ్రంగా వున్నప్పుడు కుప్పచేసి నీడ కల్పించండి. సాయంత్రం మంచుకు ముందే పట్టా కప్పండి. తారురోడ్డుమీద ఆరబోయటం సులభమే గాని, బండ్ల చక్రాలకింద గింజ నలుగుతుంది, రాయీ రప్పా కలుస్తుంది. ఆ రాయి మిల్లులో రబ్బరు రోలరును కోస్తుంది, బియ్యంలో మిగిలితే తినేవాడి పంటికి తగులుతుంది.

తేమ విషయంలో ఒక లెక్క రైతుకు తెలిసివుండాలి. 22 శాతం తేమవున్న 100 కిలోల ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే దాదాపు 94 కిలోలు మిగులుతుంది. 14 శాతానికి తెస్తే 91 కిలోలకు కొంచెం తక్కువ. పోయినది నీరు, ధాన్యం కాదు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం హద్దు. మిల్లులో ఆడించటానికి 13, 14 శాతం మంచిది. అంతకన్న ఎండబెడితే తూకమూ పోతుంది, నూకా పెరుగుతుంది. తేమ కొలిచే మీటరు కాటా దగ్గర రైతుకూ మిల్లుదారుకూ యిద్దరికీ కనపడేట్టు పెట్టినట్లయితే సగం తగవులు అక్కడే తీరిపోతాయి.

మరొక మాట. స్వర్ణ అనగా మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో యిచ్చిన ఎం.టి.యు. 7029 గింజ తీరు వేరు, 1010 వంటి పొడుగు సన్నరకాల తీరు వేరు. రెండూ ఒకే రాశిలో కలిపి పంపితే మిల్లులో రోలర్ల ఎడం ఒక రకానికే సరిపోతుంది. బిగిస్తే లావుగింజ నలుగుతుంది, వదిలితే సన్నగింజ ఒలవకుండా దాటిపోతుంది. రకాల వారీగా బస్తాలు వేరుగా కట్టి, వేరుగా నెట్టు వేయించటం రైతుకూ మిల్లుకూ మేలు.

ఇక మిల్లులోకి వద్దాం. పూర్వం మన పల్లెల్లో ఎక్కువగా వుండినవి హల్లరు మిల్లులు. ఇనుపరోలు ఇనుపగొట్టంలో తిరుగుతూ ఒకే దెబ్బతో ఊకా తవుడూ ఊడగొట్టేది. గింజ నలిగేది, తవుడు ఊకలో కలిసి చిట్టు అయ్యేది, అది నూనెకు పనికివచ్చేది కాదు. 1958లో కేంద్రప్రభుత్వం బియ్యపు మిల్లుల క్రమబద్ధీకరణకు చట్టం చేసింది. 1960 తరువాత మన పశ్చిమగోదావరి జిల్లాలో ప్యాకేజి కార్యక్రమం నడచిన రోజుల్లో, పండించటంతోపాటు ఆడించటాన్ని కూడా బాగుచేయాలనే ఆలోచన బలపడింది. ఆ చట్టం 1997లో రద్దయింది. ఈలోగా రబ్బరు రోలర్లు, ధాన్యాన్ని వేరుచేసే జల్లెడలు, రాళ్ళు తీసే యంత్రాలు వచ్చాయి. అయితే మంచి యంత్రం కొన్నంత మాత్రాన వృథా ఆగిపోదు. దాన్ని ఆడించే మనిషి శ్రద్ధ అంతకన్న ముఖ్యం.

రబ్బరు రోలర్లు రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా, రెండవది కొంచెం నిదానంగా. ఆ వేగాల తేడావల్లే ఊక ఊడుతుంది. ఒక్కసారికే అన్ని గింజలూ ఒలిచిపోవాలని రోలర్లను బిగించటం చాలా మిల్లుల్లో చూస్తాము. అది తప్పు. నూటికి 85, 90 గింజలు ఒలిస్తే చాలు, మిగిలినవాటిని జల్లెడ తిరిగి వెనక్కు పంపుతుంది. వేగంగా తిరిగే రోలరు త్వరగా అరుగుతుంది. కనుక అప్పుడప్పుడు రెండింటినీ తారుమారు చేస్తే సమంగా అరిగి ఎక్కువకాలం వస్తాయి. అలాగే పాలిషు ఒకే యంత్రంలో గట్టిగా పట్టేకంటే రెండు మూడు దఫాలుగా కొంచెం కొంచెం పడితే బియ్యం వేడెక్కదు, విరగదు. మల్లెపువ్వులా తెల్లగా వుండాలని అతిగా పట్టిన పాలిషులో పోయేది మన బియ్యమే, అందులోని బలమే.

ఊకను లాగే గాలి సంగతి కూడా చూడాలి. గాలి తక్కువైతే ఊక బియ్యంలో మిగులుతుంది. ఎక్కువైతే సన్ననూక, పిందెగింజ ఊకతోపాటు బయటి గుట్టకు ఎగిరిపోతాయి. ప్రతి పూటా ఒక దోసెడు ఊక తెచ్చి బకెట్టు నీళ్ళలో వేసి కలపండి. ఊక తేలుతుంది, బియ్యం మునుగుతుంది. అడుగున చేరిన దాన్ని బట్టి గాలిని సర్దుకోండి. తవుడునుకూడా సన్నని జల్లెడలో పోసి చూడండి. నూక కనపడితే పాలిషు జల్లెడ చిరిగిందన్నమాట. యీ రెండు పరీక్షలకూ పావుగంట కూడా పట్టదు.

ఇప్పుడు తవుడు సంగతి. తవుడులో 15 నుంచి 20 శాతం నూనె వుంటుంది, ఉప్పుడు ధాన్యపు తవుడులో అంతకన్న కొంచెం ఎక్కువే. కాని పచ్చితవుడు యంత్రం నుంచి దిగిన క్షణంనుంచే చెడటం మొదలవుతుంది. అందులోని లైపేజు అనే పదార్థం నూనెను విరగగొట్టి ఆమ్లాన్ని పెంచుతుంది. రోజులు గడిచేకొద్దీ ముక్కవాసన వస్తుంది, నూనె వంటకు పనికిరాకుండా సబ్బుకు పోతుంది, ధర పడిపోతుంది. కనుక పచ్చితవుడును నాలుగు రోజులు కూడబెట్టి లారీ నింపుదామనుకోవటం లాభం కాదు, నష్టం. ఏ రోజు తవుడు ఆ రోజే నూనె మిల్లుకు చేరాలి. ఒక్క మిల్లుకు లారీ నిండకపోతే చుట్టుపక్కల నాలుగు మిల్లులు కలిసి ఒకే లారీ మాట్లాడుకోవచ్చును. ఉప్పుడు ధాన్యంలో ఆవిరి వేడికి ఆ లైపేజు నశిస్తుంది గనుక దాని తవుడు కొంత నిలవకు ఆగుతుంది.

నూనె తీసిన తవుడు ఎక్కడికి పోతుంది? ఎక్కువభాగం కొల్లేటి సీమకే! కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో చేపల చెరువులు చూసినవారికి యీ సంగతి తెలుసు. చిల్లులు పెట్టిన సంచులలో తవుడు నింపి, నీటిలో వేలాడగట్టే పద్ధతిని అక్కడి రైతులు అమలులో పెట్టారు. చేప వచ్చి సంచిని పొడిచి, తనకు కావలసినంతే తింటుంది. మేత నీళ్ళలో చల్లితే అడుగున చేరి కుళ్ళేది. సంచిలో పెడితే ఎంత తిన్నదో సాయంత్రానికి తెలుస్తుంది, దాన్నిబట్టి రేపటి మేత తగ్గించవచ్చు, పెంచవచ్చు. కొలిచి పెట్టటం వల్ల వృథా ఎట్లా తగ్గుతుందో చెప్పటానికి యింతకన్న మంచి ఉదాహరణ లేదు. మిల్లుదారులు దీన్నిచూసి నేర్చుకోదగినది వున్నది.

ఊక విషయానికి వస్తే, దాదాపు రెండు టన్నుల ఊక వేడిలో ఒక టన్ను మంచి బొగ్గుకు సాటి. ధాన్యం ఉడికించే బాయిలరుకూ, ఆరబెట్టే డ్రయ్యరుకూ అదే ఇంధనం. కాని తడిసిన ఊక వేడిలో కొంత నీటిని ఎగరగొట్టటానికే పోతుంది. అందుచేత ఊకగుట్టను వానలో వుంచవద్దు. ఆవిరి గొట్టాలకు బట్ట, తాడు చుట్టినా వేడి కొంత నిలుస్తుంది, కారే జాయింట్లను వెంటనే కట్టించండి. మిగిలిన ఊక ఇటుక బట్టీలకు పోతుంది. ఊక కాలిన తరువాత అయిదో వంతు దాకా బూడిద మిగులుతుంది. దానిలో 85 శాతానికి పైగా సిలికాయే. సరైన వేడిలో కాలిన బూడిద సిమెంటులో కలపటానికి పనికివస్తుంది. అదే బూడిదను మురుగు కాలువ గట్టున పోస్తే గాలికి యిళ్ళమీదా, వానకు నీళ్ళలోనూ పడుతుంది.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో కూడా ఆలోచించాలి. బుడమేరు, తమ్మిలేరు, డెల్టాలోని కొన్ని మురుగు కాలువలు చివరకు చేరేది కొల్లేటికే. అక్కడినుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్సర్ ఒప్పందపు జాబితాలో చేర్చారు. ధాన్యం నానబెట్టటానికి కిలోకు లీటరు పైబడి నీరు పడుతుంది. చల్లనీళ్ళలో రెండు మూడు రోజులు నానబెడితే పులిసి కంపు కొట్టే నీరు వదలవలసి వస్తుంది. 1950లో మైసూరులో వెలసిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ వేడినీటి పద్ధతిని రూపొందించింది. సుమారు 70 డిగ్రీల వేడినీటిలో మూడు నాలుగు గంటలు నానితే చాలు. కంపూ తగ్గుతుంది, కాలమూ కలిసివస్తుంది. వదిలిన నీటిని మాత్రం శుద్ధి చేయకుండా కాలువకు వదలరాదు. మిల్లులో మనం వృథా అని వదిలింది దిగువనున్న చేపలరైతు చెరువులో తేలుతుంది. ఆ చెరువుకే మన తవుడు అమ్ముతున్నాము, మరువరాదు.

ఇంతదాకా చెప్పినవి సరుకులో వృథా. కాలంలోనూ వృథా వున్నది. జపానులో టయోటా కార్ల కర్మాగారంలో పనిచేసిన తైచి ఓనో అనే ఇంజనీరు కర్మాగారంలో జరిగే వృథాను ఏడు రకాలుగా విభజించి చెప్పాడు. అక్కరకు మించి తయారుచేయటం, వూరికే ఎదురుచూడటం, అనవసరంగా మోయటం, అక్కరలేని పనిచేయటం, సరుకు నిలవపెట్టటం, మనిషి అటూ యిటూ తిరగటం, చెడుసరుకు దింపటం. కార్లకు చెప్పిన మాటే అయినా మన మిల్లుకూ వర్తిస్తుంది. బస్తా లారీదిగి గోడౌనుకు, అక్కడనుంచి ఎండుగచ్చుకు, మళ్ళీ గోడౌనుకు, ఆపైన గోతికి – ఎన్నిసార్లు భుజం మారుతున్నది? మారిన ప్రతిసారీ కూలి, కారిన ప్రతిసారీ గింజ. కొక్కెం గుచ్చిన గోనెకు పడ్డ చిల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ధాన్యం రాకముందే యంత్రాలన్నీ తిప్పి వుంచితే కరెంటు ఖర్చేగాని పనికాదు. వదులైన బెల్టు జారితే మోటారు తింటుంది, యంత్రం తిరగదు. గాదెకింద పందికొక్కులా యివన్నీ కనపడకుండా లాభాన్ని తవ్విపోస్తాయి.

మీరొక ప్రశ్న వేయవచ్చు. “ఇవన్నీ పెద్దమిల్లులకు గదా, కొత్త యంత్రాలకు మాదగ్గర పెట్టుబడి ఎక్కడిది?” అని. ఇంతవరకు చెప్పినవాటిలో ఎన్నిటికి పెట్టుబడి కావాలో మీరే చూడండి. బకెట్టు నీళ్ళు, గాజుపలక, జల్లెడ, పట్టా – యివి లేని చోటు లేదు. కొత్త యంత్రం కొనదలచినవారు కూడా ముందు పాతయంత్రంలో ఎంత పోతున్నదో తెలిసికొన్న తరువాతే కొనటం వివేకం. తెలియకుండా కొంటే అప్పు కొత్తది, వృథా పాతది అవుతుంది.

అందుకు చేయవలసినది ఒక్కటే. ఒక పుస్తకం కొని, ప్రతి నెట్టుకూ ఆరు గడులు గీయండి. ఎత్తిన ధాన్యం, దాని తేమ, దిగిన నిండుబియ్యం, నూక, తవుడు, ఊక. ఊకను ప్రతిరోజూ తూచటం కష్టమైతే వారానికి ఒక నెట్టు పూర్తిగా తూచండి. చివర వీటిని కూడితే ఎత్తిన ధాన్యానికి దగ్గరగా రావాలి. తేమ ఆవిరైనదీ, దుమ్మూ తాలూ పోగా యింకా తేడా వుంటే అది ఎక్కడో కారుతున్నదన్నమాట. బియ్యం తగ్గి నూక పెరిగితే ముందు ధాన్యంలో చీలికలు చూడండి, తరువాత రోలరు ఎడం చూడండి. ఊక పెరిగితే గాలి చూడండి. తవుడు పెరిగితే పాలిషు చూడండి. పుస్తకం గుమాస్తా అలమరలో వుంచక, యంత్రం ఆడించే మనిషికి కనపడేట్టు గోడకు వేలాడదీయండి. నూక తగ్గించిన పనివానికి ఆ మిగులులో కొంత బహుమానం యివ్వండి. దంపినమ్మకు బొక్కిందే దక్కుడు అన్న పద్ధతి మిల్లుకు మంచిది కాదు.

అదే పుస్తకంలో ఏ రైతు ధాన్యంలో ఎంత నిండుబియ్యం దిగిందో రాసివుంచితే, జాగ్రత్తగా ఆరబెట్టిన రైతుకు పైధర యివ్వటానికి ఆధారం దొరుకుతుంది. కష్టపడి పట్టా కప్పిన వానికీ, రోడ్డుమీద ఆరబోసిన వానికీ ఒకే ధర యిస్తూవుంటే వచ్చే ఏడు ఎవరు పట్టా కప్పుతారు? రైతులు కూడా తమ ధాన్యంలో ఎంత నూక దిగిందని మిల్లుదారును అడిగి తెలిసికొనండి. ఆ ప్రశ్న అడగటం మీ హక్కు. విస్తరణ కార్యకర్తలు ప్రతి మండలంలోనూ ఒక మిల్లునూ, పదిమంది రైతులనూ ఎన్నుకొని, రాబోయే దాళ్వాలో యీ లెక్కను ఒక్క కారు నడిపి చూడండి. కళ్ళంలో సగం మందికి పట్టా కప్పించి, సగం మందికి మామూలు పద్ధతి వుంచి, ఆ రెండు రాశులనూ వేరువేరుగా ఆడించి, నూక తూచి, అందరి ఎదుట చదివి వినిపించండి. ఆపైన ఎవరికీ ఉపన్యాసం యివ్వవలసిన అవసరం వుండదు.